పళ్ళ డాక్టర్లకి బూజు పాఠం

మీరేం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "డెంటల్ కాలేజీలో పాఠాలు చెప్తాను" అంటాను. వెంటనే వేలితో పెదవి పక్కకి లాగి, "ఈ దవడపన్ను చూడండి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోంది" అంటారు. నేను పళ్ళ డాక్టర్ని కానండీ, పళ్ళ డాక్టర్లు కాబోయే పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను, అందులోనూ నా వంతుకి వచ్చేవి పరాన్నజీవులూ బూజులూ అనేసరికి తెరిచిన నోరు చటుక్కున మూసేస్తారు. పెళ్ళిలో భోజనాల దగ్గరైతే మాటలు అక్కడితో సరి.

మలేసియాలో బీడీఎస్ ఐదేళ్ళ చదువు. మా సబ్జెక్టు రెండో ఏడాదిలో వస్తుంది. క్లాసులో మలయ్ పిల్లలు, చైనీస్ పిల్లలు, తమిళ పిల్లలు, ఏ మూడు నాలుగేళ్ళకో ఒకసారి హాజరుపట్టీలో ఒక నాయుడో అప్పలస్వామో. ఎవరి పిల్లలైనా మొదటి వారంలో అడిగే ప్రశ్న ఒక్కటే: "డాక్టర్, పళ్ళు బాగుచేసేవాళ్ళకి పేగుల్లో పురుగుల గొడవ ఎందుకు?"

న్యాయమైన ప్రశ్నే. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నా చేతికి వచ్చిన పాఠాల కట్ట, ఎంబీబీఎస్ వాళ్ళ పాఠాన్ని సగానికి కోసి తయారుచేసింది. ఏలికపాము ఊపిరితిత్తుల్లోంచి గొంతులోకి ఎలా పాకుతుందో, కొంకిపురుగు పాదం చర్మంలోంచి ఎలా దూరుతుందో, బాణం గుర్తుల బొమ్మలతో సహా ఉన్నాయి. నోరు అనే మాట మాత్రం ఎక్కడో తప్ప లేదు. పిల్లలు ఆ బొమ్మలు బట్టీపట్టి, పరీక్షలో గీసి, హాలు దాటకుండానే మర్చిపోయేవారు. నాకిచ్చేది పది గంటలు. ఆ పది గంటల్లో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది అప్పట్నించీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

పేగు పురుగుల్ని చాలావరకు కుదించేశాను. బద్దెపురుగు ఉంది. అది నోటి దాకా వస్తుంది కాబట్టి. పురుగు మొత్తం కాదు, దాని పిల్లదశ. నాలుక మీదో, బుగ్గ లోపలో, కింది పెదవిలోనో బఠాణీ గింజంత ఉండ, నొప్పి లేకుండా, నెలల తరబడి అలాగే ఉంటుంది. లాలాజల గ్రంథి మూసుకుపోయి ఉబ్బిందనుకుని కోసి తీస్తారు. తీసినదాన్ని సన్నని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఒక చిన్న నీటితిత్తి, దాని లోపలికి ముడుచుకున్న పురుగు తల, కొక్కేలతో సహా. ఇది చెప్పగానే క్లాసులో పంది మాంసం తినని సగం మంది హాయిగా వెనక్కి వాలతారు. ఒక తమిళ అమ్మాయి ఒకసారి, "మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం, మాకు రాదు కదా డాక్టర్" అంది. అక్కడ ఆగి నిదానంగా చెప్పాల్సి వస్తుంది. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో ఉండే పొడుగాటి పురుగు. ఈ నీటితిత్తులు వచ్చేది ఆ పురుగు పెట్టిన గుడ్లు మింగితే. ఆ గుడ్లు ఇంకొకరి మలంలోంచి, కడగని చేతుల మీదుగా, ఆకుకూర మీదుగా వస్తాయి. పచ్చి కొత్తిమీర చల్లుకునే ఏ శాకాహారికైనా రావచ్చు. వెనక్కి వాలినవాళ్ళు మళ్ళీ నిటారుగా కూర్చుంటారు.

ఈగ పురుగుల పాఠం క్లుప్తంగానే ముగిస్తాను. పక్షవాతంతో మంచానపడి, నోరు తెరుచుకుని పడుకుండిపోయే మనుషుల చిగుళ్ళలో ఒక జాతి ఈగలు గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు కండని తొలుచుకుంటూ లోపలికి పోతాయి. టర్పెంటైన్ నూనెలో తడిపిన దూది పెడితే ఊపిరాడక బయటికి వస్తాయి, అప్పుడు పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టాలి. మన దేశం నుంచి పళ్ళ డాక్టర్లు ఇలాంటివి చాలా రాశారు. ఫోటోలు చూపిస్తే పిల్లలు తల తిప్పుకుంటారు. తిప్పుకోనిస్తాను. తరవాత ఒకటే చెప్తాను: పురుగులు తియ్యడం అయ్యాక, ఆ మనిషి నోరు రోజూ కడిగేది ఎవరో కనుక్కోండి.

బోదకాలు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పది నిమిషాలు దొంగిలిస్తాను. దానికీ నోటికీ పెద్ద సంబంధం లేదు. అయినా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గురించి చెప్పకుండా ఆ స్లైడు దాటబుద్ధి కాదు. ఆయన లెడర్లీ కంపెనీ పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు, 1947లో, ఆయన బృందం తెచ్చిన డైఇథైల్ కార్బమజైన్‌నే ఇవాళ్టికీ మన ఊళ్ళలో బోదకాలు మాత్రలని ఇంటింటికీ తిరిగి పంచేది. ఆయన పోయింది 1948లో. ఐదేళ్ళకి, 1953లో, కొత్తగా దొరికిన ఒక బూజు ప్రజాతికి ఆయన పేరు పెట్టారు, సుబ్బరోమైసెస్ అని. పురుగుకి మందు ఇచ్చి, బూజుకి పేరు ఇచ్చిన మనిషి! నా పాఠం రెండు సగాలనీ కలిపే ముడి అదొక్కటే. "ఇది పరీక్షలో రాదు" అని నేనే ముందు చెప్పేస్తాను. కలాలు కింద పెట్టి వింటారు, అదే నాకూ కావలసింది.

అసలు సరదా పాచి ప్రాక్టికల్ రోజు ఉంటుంది.

ఎవరి పళ్ళ సందులోంచి వాళ్ళే సన్నని పుల్లతో పాచి తీసుకుని, గోరువెచ్చని ఉప్పునీటి చుక్కలో కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టుకోవాలి. 1683లో హాలండులో లేవెన్‌హుక్ సరిగ్గా ఈ పనే చేసి, కనిపించిన వాటి గురించి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. మూడొందల ఏళ్ళ పైచిలుకు గడిచినా మొదటిసారి చూసినవాళ్ళ మొహం మాత్రం మారి ఉండదు. పొద్దున్నే శుభ్రంగా తోముకుని వచ్చిన పిల్లలు! మెలికలు తిరుగుతూ ఈదేవి, గిరగిరా తిరిగేవి, గుంపులుగా వణికేవి. "ఇవన్నీ నావేనా?" అని ఒక అబ్బాయి నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని అడిగాడు. నీవే నాయనా, నిన్ను నమ్ముకుని ఉన్నాయి.

అవి చాలావరకు బాక్టీరియా. మేం వెతికేది నోటి అమీబాని. కుర్రవాళ్ళ నోళ్ళలో తేలిగ్గా దొరకదు. చిగుళ్ళ జబ్బున్న పెద్దవాళ్ళ పాచి ఒక నమూనా క్లినిక్కు నుంచి అడిగి తెప్పిస్తాను. ఎవరో ఒకరికి దొరుకుతుంది. దొరికినవాళ్ళు కేక పెడితే మిగతావాళ్ళు కుర్చీలు జరుపుకుంటూ వచ్చి వరస కడతారు. అది మొద్దుగా ఒక కాలు చాపి, ఆ కాల్లోకి తన వొళ్ళంతా ఒలకబోసుకుంటూ కదులుతుంది. దాని కడుపులో ముదురు రంగు తునకలు కనిపిస్తాయి. అవి మన తెల్లరక్తకణాల కేంద్రకాలు. మనల్ని కాపాడడానికి వచ్చిన సిపాయిల్ని మింగి అరిగించుకుంటుంది.

మనిషిలో బతికే అమీబాల్లో శాస్త్రం మొదట చూసింది దీన్నే. 1849లో గ్రాస్ అనే ఆయన పళ్ళ గారలో చూశాడు. అమీబా అనగానే అందరికీ గుర్తొచ్చే జిగట విరేచనాల అమీబాని లోష్ చూసింది 1875లో. అంటే పేగులకన్నా పళ్ళే ముందు. ఈ ముక్క విన్నాక "పళ్ళవాళ్ళకి పరాన్నజీవులెందుకు" అన్న ప్రశ్న కొంచెం పలచబడుతుంది.

ఆ తరవాతి కథ నాకు ఇంకా ఇష్టం. 1914, 15 ప్రాంతంలో అమెరికాలో కొందరు, చిగుళ్ళలోంచి చీము కారి పళ్ళు ఊడిపోవడానికి కారణం ఈ అమీబాయే అన్నారు. అమీబాకి మందు అప్పటికే ఉంది, ఎమెటిన్. ఇంకేం, చిగుళ్ళ జబ్బుకి ఎమెటిన్ ఇచ్చారు. అలా నమ్మినవాళ్ళలో న్యూ ఆర్లియన్స్ డాక్టర్ చార్లెస్ బాస్ ఒకడు. చిన్న మనిషేం కాదు. 1912లో మలేరియా క్రిమిని మనిషి ఒంటి బయట, గాజు గొట్టంలో పెంచి చూపినవాడు. కానీ అమీబా వాదం నిలబడలేదు. ఆరోగ్యంగా ఉన్న నోళ్ళలోనూ అది కనిపించింది, మందు ఇచ్చినా జబ్బు నయం కాలేదు. (ఈమధ్య జన్యుపరీక్షలతో వెతికితే చెడిన చిగుళ్ళలో ఇది మరీ ఎక్కువగా కనిపిస్తోందని మళ్ళీ కొత్త చర్చ మొదలైంది, అది వేరే సంగతి.) బాస్ ఏం చేశాడంటే, వైద్యకళాశాల డీన్‌గా 1940లో రిటైరయ్యాక, పళ్ళు ఎలా తోముకోవాలి అన్నదాని మీద కూర్చున్నాడు. బ్రష్షు పోగులు ఎంత మెత్తగా ఉండాలి, చిగురూ పన్నూ కలిసేచోట ఏ కోణంలో పెట్టాలి, దారంతో సందులు ఎలా శుభ్రం చెయ్యాలి. నూరేళ్ళు బతికి 1975లో పోయాడు.

"బాస్ పద్ధతి" అని మా పిల్లలు క్లినిక్కులో ప్రతి పేషెంటుకీ ప్లాస్టిక్ దవడ పట్టుకుని నేర్పేది ఈయనదే. బ్రష్షుని నలభై ఐదు డిగ్రీలు వంచి చిగురు అంచున పెట్టడం. ఆ బాస్ ఈ బాసేనని చెప్పేసరికి క్లాసంతా ఒక్క క్షణం గొడవ. మలేరియా పరాన్నజీవి మనిషి తమ ఇంటివాడే అయిపోయినట్టు!

బూజుల పాఠానికి ఇంత సరదా ఉండదు. అమీబాలా అవి కదలవు. కానీ పది గంటల్లో ఆరు వాటికే ఇస్తాను. ఎందుకంటే ఈ పిల్లలు రేపు కుర్చీ పక్కన నిలబడి దీపం వేసి చూసినప్పుడు రోజూ కనిపించేవి ఇవే.

కాండిడా సగంమంది నోళ్ళలో చడీచప్పుడూ లేకుండా ఉంటుంది. పసిపిల్లల నాలుక మీద పెరుగు తరకలా తెల్లగా పేరుకునేది ఇదే. ఉబ్బసానికి స్టిరాయిడ్ పీల్చేవాళ్ళు తరవాత నోరు పుక్కిలించకపోతే వచ్చేదీ ఇదే. క్లాసులో మొదట నేర్పేది గీకడం. తెల్లమచ్చని గాజుగుడ్డతో గీకితే ఊడొచ్చి కింద ఎర్రగా కనిపిస్తే ఒక దారి, ఎంత గీకినా రాకపోతే ఇంకో దారి. ఆ రెండోదాంట్లో కాన్సరుకి ముందుదశ ఉండవచ్చు, ముక్క తీసి పంపాలి. రెండు నిమిషాల పని, గుడ్డముక్క తప్ప ఖర్చు లేదు. లాబులో నేర్పేది మొలక పరీక్ష. కాండిడాని మనిషి సీరంలో కలిపి ఒంటి వేడిలో రెండు మూడు గంటలుంచితే, నానేసిన పెసలకి వచ్చినట్టు గుండ్రని కణానికి ఒక మొలక వస్తుంది. మొలక మొదట్లో నొక్కు ఉండకూడదు, ఉంటే అది మొలక కాదు. భోజనానికి ముందు పెట్టి వెళ్ళి, తిని వచ్చి చూస్తారు.

దీనికి ఇచ్చే నిస్టాటిన్ కథ కూడా చెప్తాను. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో ఉండేది, రేచెల్ బ్రౌన్ అదే రాష్ట్రంలో ఆల్బనీలో. ఒకావిడ మట్టి నమూనాల్లో క్రిములని పెంచి సీసాలో పోస్టు చేసేది, ఇంకో ఆవిడ అందులోంచి మందు పదార్థాన్ని విడదీసి తిరిగి పోస్టు చేసేది. పని చేసిన మట్టి హేజెన్ స్నేహితుల పొలంలోది. 1950లో లోకానికి ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ అన్న మాటల్లోంచే నిస్టాటిన్ అని పేరు పెట్టారు. దానిమీద వచ్చిన కోటీ ముప్పై లక్షల డాలర్ల పైచిలుకు రాయల్టీని ఇద్దరూ సొంతానికి వాడుకోకుండా పరిశోధనలకి ఇచ్చేశారు. మా క్లాసులో మూడొంతులు అమ్మాయిలే. ఈ స్లైడు మీద నేను పెద్దగా వ్యాఖ్యానం చెయ్యను.

ఒక ఏడాది, ప్రతి పాఠం చివరా "ఇది పరీక్షకి వస్తుందా" అని అడిగే చైనీస్ అబ్బాయి ఒకడుండేవాడు. నాలుగో ఏడాదిలో క్లినిక్కుకి వెళ్ళాక ఒక మధ్యాహ్నం లాబుకి స్వాబు పట్టుకొచ్చాడు. "పేషెంటు మీ భాషాయన అనుకుంటా, డాక్టర్. తాను తెలుగు అన్నాడు. వస్తారా?" అన్నాడు. కిందికి వెళ్ళాను. డెబ్భై దాటిన తాతగారు, బగాన్ దతో వైపు కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాడు. మలయ్ ధారాళంగా మాట్లాడతాడు, తమిళం వచ్చు. నా అనువాదంతో ఎవరికీ పనిలేదు. తెలుగు అన్నాడని వెళ్ళాను, అంతే. ఆయన తాతల నాటి శ్రీకాకుళం యాస విని నేనే కాసేపు పని మర్చిపోయాను.

పై కట్టుడుపళ్ళు తీస్తే, అంగిలంతా ఎర్రగా ఉంది. సెట్టు ఎంతవరకు ఉందో అంతవరకే, పెన్సిలుతో గీత గీసినట్టు. నొప్పి లేదు, అందుకే పట్టించుకోలేదు. రాత్రిపూట తీసి పడుకుంటారా అని ఆ అబ్బాయి మలయ్‌లో అడిగితే తీస్తానన్నాడట. నేను తెలుగులో అడిగాను.

"తీసెయ్యమన్నారు గానీ, ఏటమ్మా, నోరు బోసిగా ఉంటే మనవరాలు దడుసుకుంటాది. నా పక్కనే పడుకుంటాది కదా."

ఎన్నాళ్ళుగా? సెట్టు కట్టించుకున్న దగ్గర్నించీ, నాలుగేళ్ళుగా.

అబ్బాయికి చెప్పాను. వాడు రాసుకుని, కాసేపాగి, రాత్రి ఎన్నిసార్లు లేస్తారని అడిగాడు. నాలుగుసార్లు. దాహం? బాగా. వేలికొన రక్తం చుక్క తీసి చూస్తే చక్కెర పదిహేడు. ఇక్కడి లెక్క అది, మన లెక్కలో మూడొందలు దాటినట్టు. తాతగారికి షుగరుందని ఆయనకే తెలియదు. ఆ ప్రశ్న నేను నేర్పిన పాఠంలో ఒక స్లైడులో ఒక మూల ఉంది. వాడు దాన్ని అక్కడ గుర్తుపెట్టుకున్నాడు. సెట్టు రాత్రి నీళ్ళలో పెట్టమనీ, మనవరాలికి పగలే ఒకసారి తీసి చూపించి నవ్వించమనీ చెప్పి పంపాం. రెండోది తాతగారి ఆలోచనే.

నోటిలో తెల్లమచ్చకి కారణం కనిపించకపోతే వెతకమని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో పాత కథ ఉంది. 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ వారపత్రికలో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకి న్యుమోసిస్టిస్ న్యుమోనియా వచ్చిందని ఒక చిన్న నివేదిక వచ్చింది. ఎయిడ్స్ గురించి లోకానికి తెలిసిన మొదటి అక్షరాలవి. ఐదుగురిలోనూ కాండిడా ఉంది. న్యుమోసిస్టిస్‌ని అప్పట్లో పరాన్నజీవుల పాఠంలో చెప్పేవారు. 1988లో దాని జన్యుపదార్థం చూసి ఇది బూజు అని తేల్చారు. నా పాఠాల కట్టలో ఇటు నుంచి అటు మారిన పేజీ అది.

ఇక 2021.

ఆ ఏడాదికి ముందు మ్యూకర్ బూజు పాఠం పావుగంటలో అయిపోయేది. అరుదైన జబ్బు, షుగరు బాగా పెరిగినవాళ్ళకి వస్తుంది, ముక్కు పక్క గదుల్లోంచి అంగిలికీ కంటికీ పాకుతుంది, తరవాతి స్లైడు. రైజోపస్ అన్న పేరు వినగానే పిల్లలు నవ్వేవారు. ఇక్కడ అందరూ తినే తెంపే, సోయా గింజల్ని ఉడికించి పులియబెట్టే అట్టు, తయారయ్యేది రైజోపస్‌తోనే. వేరే జాతి, కానీ కుటుంబం అదే. మధ్యాహ్నం కాంటీన్‌లో వేయించిన తెంపే కనిపిస్తే "డాక్టర్, మ్యూకర్!" అని చూపించేవారు.

మే నెలలో మేమూ ఇంట్లోంచే పాఠాలు చెప్తున్నాం. ఖమ్మంలో మా పెద్దమ్మ కొడుక్కి ఏప్రిల్లో కోవిడ్ వచ్చి తగ్గింది. స్టిరాయిడ్ ఇచ్చారు, ముందే ఉన్న షుగరు ఇంకా ఎగిరింది. తగ్గి పది రోజులకి కుడివైపు పైదవడ నొప్పి. నొప్పి మాత్రలు వేసుకున్నాడు. రెండు పళ్ళు కదులుతున్నాయని, పీకించుకుందామని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, విసుగ్గా, "పన్ను పీకరా నాయనా అంటే ఊరు పొమ్మంటున్నాడే" అన్నాడు.

ఆ డాక్టరు చిన్నవాడేనట, ప్రాక్టీసు పెట్టి రెండేళ్ళు కాలేదు. పళ్ళని ఒక్కొక్కటీ కదిపి చూశాడు. రెండు కాదు, వరసగా ఐదు కలిసి కదిలాయి. చిగుళ్ళ మీద సూదిమొనంత చీము రంధ్రాలు. అంగిలి మీద ఒకచోట రంగు మారింది. అక్కడ సూదితో మెల్లగా పొడిచి చూశాడు. అన్నయ్యకి నొప్పి తెలియలేదు, రక్తం రాలేదు. పన్ను ముట్టుకోకుండా, లాక్‌డౌన్‌లో అంబులెన్స్ మాట్లాడి, ఆ రాత్రికి రాత్రే హైదరాబాద్ పంపించాడు. ఆ రోజుల్లో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రిని ఈ జబ్బుకి ప్రత్యేకంగా కేటాయించారు.

అంగిలి ఫోటో నాకూ పంపారు. అందరూ బ్లాక్ ఫంగస్ అన్నారు గానీ, బూజు నల్లగా ఉండదు. అది రక్తనాళాల గోడల్లోకి దూరి, లోపల రక్తం గడ్డకట్టిస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. అందుకే నొప్పి ఉండదు, కోస్తే రక్తం రాదు. అందుకే ఒట్టి మందుతో తగ్గదు కూడా. మందు వెళ్ళాల్సింది రక్తంలోనే, అక్కడికి రక్తమే వెళ్ళదు. చచ్చినదంతా కోసి తియ్యాలి. ఇదంతా నాకు ఏళ్ళుగా తెలిసిన పాఠమే. ఆ ఫోటో ఎదురుగా పెట్టుకుని మా వదినకి ఫోన్లో తెలుగులో చెప్పడం వేరే పని. "పన్ను నొప్పికి దవడ తియ్యడమేంటి వదినా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. వాళ్ళ ఊళ్ళో వరసకి నేనే ఆమెకి వదినని. మూడుసార్లూ చెప్పాను. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు దొరకని రోజులవి. ఒక్కో వయలు కోసం మా వాళ్ళు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగారు, దొరికినప్పుడల్లా నాకు ఫోటో పెట్టేవారు.

కుడి పైదవడ పోయింది. కన్ను మిగిలింది, మనిషి మిగిలాడు.

ఇప్పుడా పాఠం పావుగంటది కాదు, గంటన్నర. లాబులో ఆ బూజుని పెంచిన ప్లేటు చూపిస్తాను. రెండు మూడు రోజుల్లో దూదిలా పెరిగి మూతని తన్నుతుంది. క్లినిక్కు నుంచి కండముక్క వస్తే రోట్లో నూరొద్దని చెప్తాను, చిన్న ముక్కలుగా కత్తిరించాలి. ఈ బూజు పోగులకి లోపల అడ్డుగోడలు దాదాపు ఉండవు, నూరితే చచ్చిపోతాయి, ప్లేటు మీద ఏమీ మొలవదు, బూజు లేదని రిపోర్టు వెళ్తుంది. మైక్రోస్కోపు కింద వెడల్పాటి రిబ్బన్లలా, లంబకోణంలో కొమ్మలేస్తూ కనిపిస్తాయి. వరసగా కదిలే పళ్ళు, సూదికి నొప్పి తెలియని అంగిలి, ఈ రెండూ బోర్డు మీద మలయ్‌లో కూడా రాస్తాను.

చివర్న ఒక రికార్డింగు వినిపిస్తాను. అన్నయ్యకి పోయిన అంగిలి స్థానంలో ఆబ్చురేటర్ అని ఒక అమరిక చేసిచ్చారు, కట్టుడుపళ్ళకి ఒక ప్లాస్టిక్ గడ్డ అతికించినట్టు ఉంటుంది. అది పెట్టుకుంటే అన్నం తినగలడు, మాట్లాడగలడు. నేను అడిగితే, "వినిపించుకో, నాకేం సిగ్గు" అని రెండుసార్లు మాట్లాడి పంపాడు. మొదట అది పెట్టుకుని: తన పేరు, ఊరు, పొద్దున తిన్న టిఫిను. తరవాత తీసేసి, అవే మాటలు. రెండోసారి ప, బ, డ అన్నీ ముక్కులోంచి పోతాయి, ఇడ్లీ అన్నది నాకూ అర్థం కాదు. క్లాసులో ఎవరికీ తెలుగు రాదు. అయినా తేడా అందరికీ తెలుస్తుంది.

కిందటేడు రికార్డింగు అయ్యాక, వెనక వరసలోంచి ఒక మలయ్ అమ్మాయి చెయ్యెత్తింది.

"ఆయన దాన్ని రాత్రి తీసి పడుకుంటారా, డాక్టర్? కింద కాండిడా చూస్తున్నారా ఎవరైనా?"

నాకు తెలియదన్నాను. సాయంత్రం ఖమ్మం ఫోన్ చేశాను.

"తీస్తే దాహమేసినప్పుడు నీళ్ళు ముక్కులోంచి వస్తాయే," అన్నాడు అన్నయ్య. "తియ్యను." కాసేపాగి, "ఎవరడిగారు?" అన్నాడు. మా స్టూడెంటు అన్నాను. ఆ పళ్ళ డాక్టరు కూడా అదే మాట అని పోరుతుంటాడనీ, సోమవారం ఎలాగూ చూపించుకోవాలనీ చెప్పి, వదినకి ఫోన్ ఇచ్చాడు.